లెక్కల్లో పరాయి ఎవరు?

మా అబ్బా హైస్కూల్లో లెక్కల సారు. చదివింది ఉర్దూలో, చెప్పింది తెలుగులో. ఈ మార్పు వెనక ఒక చరిత్ర ఉంది.

1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం గణితాన్ని కూడా ఉర్దూలోనే బోధించింది. పాఠ్యగ్రంథాల అనువాదానికి 1917లోనే దారుల్ తర్జుమా ఏర్పడింది. ఎక్కువమంది ప్రజల భాష అయిన తెలుగుకు ఆ చోటు దక్కలేదు. అదీ నిజమే. 1948 పోలీసు చర్య తర్వాత అక్కడ బోధన ఇంగ్లీషుకు మారింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

అబ్బాకు తెలుగు మీడియం తరగతులిచ్చారు. ముసల్లస్‌ను త్రిభుజమని, దాయిరాను వృత్తమని, జర్బ్‌ను గుణకారమని రాత్రిళ్లు కూర్చుని మళ్లీ నేర్చుకున్నారు. లెక్క రాని పిల్లల్ని కొట్టేవారు కాదు. ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో చూసి, అక్కణ్ణుంచే మొదలుపెట్టేవారు. తను భాష మారి తడబడ్డ మనిషి కదా, తడబాటు విలువ ఆయనకు తెలుసు.

అయినా 'తురకోళ్లకు లెక్కలెక్కడివి' అన్న తోటి పంతులున్నాడు.

ఎక్కడివా? 8వ శతాబ్దంలో భారతీయ ఖగోళ గ్రంథాలు బాగ్దాదు చేరి అరబ్బీలోకి మారాయి. 9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెల మీద గ్రంథం రాశాడు. ఆయన మరో గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుంచే ఆల్జీబ్రా అన్న మాట పుట్టింది. జమ, ఖర్చు, బాకీ, వసూలు అనకుండా ఏ తెలుగిల్లు లెక్క చూసుకుంటుంది?

అంకెలకు మతం లేదనడం తేలిక. అవి నడిచొచ్చిన దారిలో మేమూ ఉన్నామని ఒప్పుకోవడమే కష్టంగా ఉంది. ఆ మాట తరగతి గదిలో, పిల్లల ముందు, నల్లబల్ల మీద రాసి చెప్పాలి.