పార్కిన్సన్ వ్యాధిలో నడక, నిలకడ

పార్కిన్సన్ వ్యాధి అనగానే చేతి వణుకు గుర్తొస్తుంది. కానీ తుంటి ఎముక విరిగి మనిషి మంచాన పడేది ఎక్కువగా తూలి పడటం వల్ల. అడుగు కురచవుతుంది, నడుము ముందుకు వంగుతుంది, నడిచేటప్పుడు చెయ్యి ఊగదు. గుమ్మం దగ్గరో, వెనక్కి తిరగబోయేటప్పుడో పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. ఈ జబ్బు చరిత్రను మెదడు రసాయనమైన డోపమిన్ విజయగాథగా చెప్పడం పరిపాటి. నడక వైపు నుంచి చూస్తే ఆ కథ సగమే.

పాతవాళ్ల దృష్టి వణుకు దగ్గరే ఆగిపోలేదు. తెలుగునాట వైద్యులు వాడిన 'బసవరాజీయం' కంపవాతం గురించి చెబుతూ కాళ్లూ చేతుల వణుకుతో పాటు ఒళ్లు తిరగడాన్ని, నిద్ర చెడటాన్ని, బుద్ధి మందగించడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. అది నేటి పార్కిన్సన్ వ్యాధేనని ఖాయం చేయలేం. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల గురించి రాసిన చిన్న పుస్తకంలో, శరీరం ముందుకు వంగి నడక దానంతటదే పరుగులా మారడాన్ని ముఖ్య లక్షణంగా చూపించాడు. తర్వాత పారిస్‌లో షార్కో అనే వైద్యుడు, వణుకు అందరిలోనూ ఉండదని గమనించి జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టాడు.

మందు కథలో మన ప్రాంతపు ముక్క ఒకటుంది. ముట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించే దూలగొండి గింజల నుంచి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి ఎల్-డోపాను (లెవోడోపాను) వేరు చేశారు. ఆ పదార్థం ఎందుకు పనికొస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. 1960లో ఎరింగర్, హార్నికీవిచ్ రోగుల మెదళ్లలో డోపమిన్ తగ్గిపోయిందని నిరూపించాకే, మెదడులో డోపమిన్‌గా మారే ఆ పదార్థానికి విలువ వచ్చింది.

1967లో మూడు ముఖ్యమైన రచనలు వెలువడ్డాయి. కోట్జియాస్ డోపాను నోటి ద్వారా ఎక్కువ మోతాదులో ఇచ్చి రోగులు తేరుకోవడం చూపించాడు. ప్రపంచం దాన్నే చూసింది. హోన్, యార్ జబ్బును దశలుగా విడగొట్టి, నిలకడ తప్పడాన్ని మూడో దశకు గుర్తుగా పెట్టారు. పర్డన్ మార్టిన్ అనే లండన్ వైద్యుడు, ఆగిపోయిన రోగి ముందు నేల మీద అడ్డగీతలు గీస్తే వాటిని దాటుతూ నడవగలడని రాశాడు. నడక విషయంలో ఎక్కువ దూరం వచ్చింది ఈ మూడోదే అని నా అంచనా.

లెవోడోపాతో నడక బాగుపడుతుంది కదా అనవచ్చు. నిజమే, అడుగు సాగుతుంది, వేగం పెరుగుతుంది. కానీ వెనక్కి ఒరిగినప్పుడు నిలదొక్కుకునే శక్తిని మందు అంతగా తిరిగి ఇవ్వదు. సిడ్నీలో రోగులను 15 ఏళ్ల పాటు పరిశీలిస్తే 81 శాతం మంది పడిపోయినవారే. వారిని ఎక్కువగా కుంగదీసినవి లెవోడోపాకు లొంగని బాధలే. నిలకడలో మెదడు కాండంలోని కేంద్రాలకూ, ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనానికీ పాత్ర ఉండటం దీనికి ఒక కారణం. హైదరాబాద్ నిమ్స్‌కు చెందిన రూపం బొర్గొహెయిన్ ప్రధాన రచయితగా 2014లో, లెవోడోపాకు తోడుగా ఇచ్చే సఫినమైడ్ అనే మందుపై వచ్చిన పరిశోధన కూడా, మందు పనిచేసే గంటలు పెరగడాన్నే కొలిచింది. అది విలువైన పనే, కానీ పడిపోవడం వేరే ప్రశ్న. మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్స కూడా సాధారణంగా లెవోడోపాకు లొంగే లక్షణాలనే తగ్గిస్తుంది.

ముసలితనంలో ఎవరైనా పడతారు కదా అన్నది ఇంకో వాదన. వయసు పాత్ర కాదనలేం; అయితే గుమ్మం చూడగానే కాళ్లు ఆగిపోవడం, గీత కనబడగానే కదలడం వయసు లక్షణాలు కావు. గట్టి అభ్యంతరం వేరే ఉంది: గీతల లాంటివి తాత్కాలిక చిట్కాలేనని. యూరప్‌లో 2007లో ప్రచురితమైన రెస్క్యూ పరిశోధనలో, గీతలు, తాళం లాంటి సంకేతాలతో ఇంటి దగ్గర మూడు వారాలు ఇచ్చిన శిక్షణ నడకను కొంత మెరుగుపరచింది, మానేశాక ఆ లాభం తరిగింది. ఇది శిక్షణ వ్యర్థమని చెప్పదు, కొనసాగించాలని చెబుతుంది. మాత్ర మానేసినా జరిగేది అదే కదా. 2012లో అమెరికాలో 195 మందిపై జరిగిన పరిశోధనలో, వారానికి రెండుసార్ల చొప్పున ఆరు నెలలు తాయ్ చీ అనే చైనా వ్యాయామం చేసినవారు, ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవారికన్నా తక్కువసార్లు పడ్డారు.

విశాఖకు దూరంగా ఉన్న మాడుగుల లాంటి చిన్న ఊళ్లో మందుకూ శిక్షణకూ మధ్య ఈ తేడాకు అర్థం ఉంది. మందు మోతాదు సరిచూడటానికి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి లాంటి చోటికి వెళ్లక తప్పకపోవచ్చు. గుమ్మం ముందు అడ్డగీతలు గీయడానికి సుద్దముక్క చాలు. తిరిగేటప్పుడు గిరుక్కున కాకుండా చిన్న చిన్న అడుగులతో చుట్టి తిరగడం, ఒక చేత్తో బిందె పట్టుకుని మాట్లాడుతూ నడవకపోవడం ఇంట్లోవాళ్లు నేర్పగలిగినవే. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా రక్తపోటు కొలవడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయ్యే పని. నిలబడగానే అది పడిపోతుంటే, తూలడానికి కారణం కాళ్లలోనే వెతికితే దొరకదు.