బ్రామ్లీ ఆపిలు చరిత్ర

బంగినపల్లి మామిడి టెంకను నాటినచో ఆ చెట్టు బంగినపల్లి పండునే కాయునని నమ్మకము లేదు. అందుచేతనే మన తోటలలో అంటు కట్టుదురు. ఆపిలు విషయమును ఇట్టిదే. గింజనుండి మేలైన చెట్టొకటి మొలచినచో, ఆ రకమును నిలుపుకొనుటకు అంటే ఆధారము. ఇంగ్లండు దేశపు బ్రామ్లీ ఆపిలు ఇందుకు చక్కని నిదర్శనము.

1809లో నాటింగ్‌హాంషైరులోని సౌత్‌వెల్ పట్టణమున మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అను బాలిక కొన్ని ఆపిలు గింజలను నాటెను. వానిలో నొకటి పెరిగి వృక్షమైనది. 1846లో ఆ యింటిని మాథ్యూ బ్రామ్లీ అను మాంసవర్తకుడు కొనెను. 1856లో హెన్రీ మెర్రీవెదర్ అను యువకుడు ఆ కాయలను చూచి, అమ్మకమునకు మొక్కలు పెంచుటకై అంటుకొమ్మలు కోరెను. పండునకు తన పేరే పెట్టవలెనని బ్రామ్లీ షరతు విధించెను. ఆ విధముగా నాటిన బాలిక పేరు మరుగున పడి, ఇల్లు కొన్నవాని పేరు నిలచినది.

ఈ పండు వంటకు ప్రసిద్ధి. మాలిక్ ఆమ్లము హెచ్చుగాను, చక్కెర తక్కువగాను ఉండుటచే పచ్చిగా తినిన పండ్లు పులియును. ఉడికించినచో ముక్కలు నురుగువలె మెత్తబడును గాని పులుపు చెడదు. పిండి పొరల నడుమ కాల్చు ‘పై’ అను వంటకమునకు ఇదియే కావలెనని అచ్చటి గృహిణులు కోరుదురు.

కోసిన పిమ్మటను ఆపిలు జీవించియే యుండును. ఆమ్లజనిని పీల్చి, బొగ్గుపులుసు గాలిని విడచుచు, తనలోని ఆమ్లమును, చక్కెరను ఖర్చు చేసికొనును. చల్లదనము ఈ శ్వాసను మందగింపజేయును. కాని బ్రామ్లీ అతిశీతలమును ఓర్వదు. 3 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగువన చాలకాల ముంచినచో లోపలి కండ గోధుమవన్నెకు తిరుగును. కేంబ్రిడ్జిలో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అను శాస్త్రజ్ఞులు దీనికి మార్గము కనిపెట్టిరి. గాలి చొరని గదిలో పండ్లు విడచిన బొగ్గుపులుసు గాలినే కొంత నిలిపినచో, మితమైన చల్లదనముననే శ్వాస తగ్గును. 1929లో కెంట్ ప్రాంతమున ఈ పద్ధతిపై నెలకొన్న తొలి వ్యాపార గిడ్డంగిలో నిలువచేసినవి బ్రామ్లీ పండ్లే. ఇంటిలోనైనచో తొడిమతో కోసిన, దెబ్బ తగులని కాయలను ఒకదాని కొకటి తగులకుండ చల్లని చీకటి గదిలో పరచవలెను. పండిన పండ్లనుండి వెలువడు ఎథిలీన్ వాయువు తక్కిన వానినిగూడ త్వరగా పండించును. కావున మగ్గినదానిని వెంటనే తీసివేయవలెను.

మూలవృక్షము 1900లో గాలివానకు కూలియు మరల చిగిర్చెను. తరువాత శిలీంధ్రము సోకి క్షీణింపసాగినది. అప్పుడు నాటింగ్‌హాం విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దాని కణజాలమునుండి కొత్త మొక్కలను పెంచిరి. నేడున్న ప్రతి బ్రామ్లీ చెట్టును ఆ బాలిక నాటిన చెట్టులోని భాగమే. అంటు కట్టువారు లేనిచో ఈ రకము ఆ యొక్క చెట్టుతోనే అంతరించెడిది. మన పెరళ్లలో పేరులేక కాయుచున్న మంచి మామిడి చెట్ల విషయమునను ఇది గుర్తుంచుకొనదగినది.