వరద రాత్రి – ఆత్మరక్షణ – చట్టం

2025 ఆగస్టు చివర్లో మన కామారెడ్డి జిల్లాలో కుండపోత కురిసి, నిజాంసాగర్ గేట్లెత్తి మంజీరలోకి నీళ్లు వదిలిన రోజుల్లో సంఘ మిత్రులొకరు నన్నొక ప్రశ్న అడిగారు. "కరెంటు లేదు, ఫోను పలకదు, పోలీసు రాలేడు. ఆ చీకట్లో దొంగ జొరబడితే కర్ర ఎత్తవచ్చునా? రేపు కేసు నా మీదికే వస్తే?"

జవాబు 1860 నాటి భారత శిక్షాస్మృతిలోనే, 96 నుండి 106 వరకు గల సెక్షన్లలో ఉన్నది. మన నిజాం ఇలాకాకు అది 1951లో గాని రాలేదు. అంతవరకు హైదరాబాదుకు వేరే శిక్షాస్మృతి ఉండేది. 2024 జూలై 1 నుండి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నెంబర్లు 34 నుండి 44 అయినవి గాని సారం మారలేదు.

అధికారుల సాయం పొందే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. ఠాణాకు దారే మునిగినప్పుడు వ్యవధి ఎక్కడిది! చిక్కంతా రెండవ షరతుతోనే: అవసరానికి మించి హాని చేయరాదు. రాత్రివేళ ఇల్లు పగులగొట్టి జొరబడేవాని ప్రాణం పోయినా చట్టం క్షమించవచ్చును. వట్టి చేతులతో పారిపోయేవాణ్ణి వెంటాడి కొడితే మాత్రం అది రక్షణ కాదు. ఆత్మరక్షణ అన్నవాడే కోర్టుకు నమ్మదగినట్లు చూపుకోవాలి.

ఇది పోలీసులకూ వర్తించే మాట. 2005లో కత్రినా తుపానుకు అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ మునిగింది. సెప్టెంబరు 4న డాంజిగర్ వంతెనపై పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు, నలుగురిని గాయపరిచారు. తమపైనే ముందు కాల్చారన్నారు. తీరా చూస్తే బాధితుల వద్ద ఆయుధమే లేదు. సాక్ష్యంగా చూపిన తుపాకీ ఒక అధికారి తన ఇంటి నుండి తెచ్చినది! 2011లో జ్యూరీ దోషులన్నది. ప్రభుత్వ న్యాయవాదుల తప్పిదం వల్ల 2013లో ఆ తీర్పు రద్దయింది. చివరకు 2016లో అయిదుగురు నేరం ఒప్పుకొని మూడు నుండి పన్నెండేళ్ల శిక్షలు పొందారు. ఆ కుటుంబాలు పదకొండేళ్లు కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది.

మిత్రునికి ఇదంతా చెప్పి, అటువంటిదేదైనా జరిగితే నీళ్లు తీయగానే తామే ఠాణాకు వెళ్లి, ఉన్నదున్నట్లు రాసివ్వమన్నాను. ఆయన విని, "కర్ర సంగతి తరువాత, ముందు పెన్షను కాగితాలు అటక మీదికి చేర్చాను" అన్నారు.