రేడియో ఆగదు, యూఎస్‌బీ ఆగుతుంది

పెన్‌డ్రైవ్‌లోకి సినిమా కాపీ చేస్తుంటే కంప్యూటర్ ఓ అర సెకను వేరే పనిలో పడిందనుకోండి, కొంపేం మునగదు. పెన్‌డ్రైవ్ ఆగుతుంది. గాల్లోంచి వచ్చే రేడియో సిగ్నల్ మాత్రం ఎవరికోసమూ ఆగదు. మనం సొంతంగా తయారుచేసుకున్న హార్డ్‌వేర్ నుంచి యూఎస్‌బీ మీద డేటా ఏకధాటిగా లాగడంలో ఉన్న చిక్కంతా ఇదే.

2001లో ఎరిక్ బ్లాసమ్ జీఎన్‌యూ రేడియో మొదలుపెట్టారు. రేడియోలో సర్క్యూట్లు చేసే పనిని సాఫ్ట్‌వేర్‌తో చేయించాలన్నది ఆలోచన. బానే ఉంది, మరి సిగ్నల్ కంప్యూటర్‌లోకి వచ్చేదెలా? దానికి మాట్ ఎట్టస్ తయారుచేసిన బోర్డే యూఎస్‌ఆర్‌పీ. ఆయన 2004లో ఈ పనికే సొంత కంపెనీ కూడా పెట్టారు.

ఇక్కడ కాస్త లెక్క చూడండి. బోర్డు మీది ఏడీసీ సెకనుకి 6.4 కోట్ల శాంపిళ్ళు తీస్తుంది. ఒక్కోటి రెండు బైట్లనుకున్నా 128 మెగాబైట్లు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. ఈ బోర్డుకి నికరంగా దక్కింది 32. మరి మిగతాది? బోర్డు మీదున్న ఎఫ్‌పీజీఏ మనకి కావలసిన ఫ్రీక్వెన్సీ ముక్కని మాత్రమే వడగట్టి పంపేది, మిగతాది అక్కడే పారేసేది.

అంతటితో అయిపోలేదండోయ్. యూఎస్‌బీ పనిచూసే ఎఫ్‌ఎక్స్2 చిప్‌లో డేటా బఫర్ 4 కిలోబైట్లే. 32 మెగాబైట్ల వేగంతో అది 128 మైక్రోసెకన్లలో నిండిపోతుంది! పైగా వాడింది బల్క్ ట్రాన్స్‌ఫర్. అందులో తప్పుపోయిన ప్యాకెట్ మళ్ళీ వస్తుంది గానీ, ఫలానా టైముకి వస్తుందన్న హామీ లేదు. అందుకే డ్రైవర్ ఎప్పుడూ కొన్ని రిక్వెస్టులు ముందుగానే క్యూలో పెట్టి ఉంచాలి. ఆలస్యమైతే తెరమీద "యూఓ యూఓ" అని పడేది. బఫర్ పొంగింది, శాంపిళ్ళు పోయాయి అని దానర్థం. పోయినవి మళ్ళీ రావు.

2012లో చవక టీవీ డాంగిళ్ళని రేడియోలుగా మార్చిన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్‌దీ ఇదే కథ. 8 బిట్ల శాంపిళ్ళు, సెకనుకి సుమారు 24 లక్షలు, అంతే.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం మాట్లాడితే బ్యాండ్‌విడ్త్ అంటాం. నన్నడిగితే ఈ చరిత్ర చెప్పేది వేరు: ఏది పారెయ్యాలో డిజైన్‌లోనే మనం తేల్చుకోవాలి. లేదంటే ఆ పని బఫర్ చేసేస్తుంది, మనల్నడక్కుండా.