తూము మోయు బరువు

కర్మాగారపు దహనయంత్రమునకు గొట్టమును అతుకునప్పుడు నిపుణులు మొదట వేయు ప్రశ్న ఇది: వేడికి సాగి నెట్టు గొట్టపు బరువును ఈ మూతి ఎంతవరకు సహింపగలదు? ఓరుగల్లు సీమకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

కాకతి గణపతిదేవుని కాలమున, 1213 ప్రాంతమున, పాకాల చెరువు వెలసినది. ఇట్టి చెరువులకు కట్ట క్రిందుగ నీరు వదలు రాతి తూమే ప్రాణము, బలహీనస్థానమును అదియే. పది మీటర్ల లోతున నీరు చదరపు మీటరుపై పది టన్నుల ఒత్తిడి కలిగించును. కట్టమట్టి బరువు వేరు. రాయి అణచుటకు ఓర్చును గాని వంచుటకు ఓర్వదు. కప్పుబండ క్రింది వెడల్పు రెండింతలైనచో, పరచుకొన్న బరువు దానిని వంచు బలము నాలుగింతలగును. తూముకాలువను ఇరుకుగ నుంచుట అందుచేతనే క్షేమము. బండ పగిలినచో మట్టి నీటితో కొట్టుకొనిపోవును, కట్ట తెగును, ఊరి పంట దానితోనే పోవును.

మూతిని బలపరచుటకన్న దానిపై పడు భారమును తగ్గించుటయే నేర్పు. నేటి యంత్రశాలలో గొట్టములకు వంపులు, ఆధారములు అమర్చుట అందుకొరకే. కొలిమి మారినది, లెక్కలు పెరిగినవి. అతుకు ధర్మము మాత్రము మారలేదు.