ఫోటో ఎందుకు కదలాలి? తోలుబొమ్మ నుంచి పవర్‌పాయింట్ దాకా

ఈ ఎపిసోడ్ మా ఉరుకుంద నుంచే మాట్లాడుతున్నా. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ళకి మా ఊరి గురించి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం ఒక్క మాట. కర్నూలు జిల్లా పడమటి కొసన, కౌతాళం మండలంలో ఉంటుంది. శ్రావణ మాసంలో సోమవారం, గురువారం వచ్చిందంటే ఈరన్న స్వామి దర్శనానికి కర్ణాటక నుంచి కూడా బండ్లు కట్టుకుని వస్తారు. ఆ రోజుల్లో నాకు చేతినిండా పని. జాతర ఫోటోలు పంపిస్తారు, పవర్‌పాయింట్‌లో పెట్టి, పాట తగిలించి, స్టేటస్ వీడియో చేసిస్తా.

పోయిన శ్రావణంలో మా వీధి అక్క ఒకామె పదకొండు ఫోటోలు పంపింది. అవి జాతరవి కాదు, వాళ్ళమ్మవి. ఆషాఢంలో ఆ అవ్వ చనిపోయింది. అక్కా, బావా ప్రతి ఏడూ సుగ్గికి పోతారు. మిరపకాయల కోతకి గుంటూరు వైపు పోయి నెలల తరబడి అక్కడే ఉంటారు. వాళ్ళ పిల్లోణ్ణి ఇక్కడ పెంచింది ఆ అవ్వే. పదకొండు ఫోటోల్లో ఒకటి ఆధార్ కార్డు మీదిది, పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా ఉంది. రెండు పాత స్టూడియోవి. ఒకటి జాతరలో గుడి బొమ్మ వేసిన పరదా ముందు నిలబడి తీయించుకున్నది.

నేను మామూలుగా చేసినట్టే చేసేశా. ఒక ఫోటో గిర్రున తిరుగుతూ వస్తుంది, ఒకటి బంతిలాగా ఎగురుతుంది, ఇంకోటి ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. ఒక్కోదానికి రెండు సెకన్లు. బాగా చేశాననే అనుకున్నా. అక్క చూసి, "ఏమప్పా, మాయమ్మ మొగం సూసేలోపే ఎగిరిపోతాంది" అంది. అంతే, ఇంకేం అనలేదు. ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ఈ ఫోటోలని కదిలించాలన్న పిచ్చి మనుషులకి ఎక్కడ మొదలైందో వెతకడం మొదలుపెట్టా.

మన సీమలో అయితే తోలుబొమ్మలాట నుంచే మొదలుపెట్టాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలుని వెలుతురు దూరేంత పల్చగా చేసి, రంగులేసి, చేతులూ కాళ్ళూ విడివిడిగా కత్తిరించి దారంతో కలుపుతారు. తెర వెనక దీపం. ఇక్కడ ఒక సంగతి గమనించండి. బొమ్మ మొత్తం ఎప్పుడూ ఊగదు. మాట్లాడే బొమ్మ చెయ్యి ఆడుతుంది, వినే బొమ్మ కదలకుండా నిలబడుతుంది. ఎవరి వైపు చూడాలో మనకి ఆ కదలికే చెప్తుంది. నేను పదకొండు ఫోటోలనీ ఒకేసారి గంతులేయించా.

యూరప్‌లో ఈ పని మ్యాజిక్ లాంతరు చేసింది. 1659లో హాలండ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ దాన్ని తయారుచేశాడు. గాజు పలక మీద బొమ్మ, వెనక దీపం, ముందు కటకం, ఎదురుగా గోడ. మనం ఇప్పుడు 'స్లైడ్' అంటున్నామే, ఆ మాట ఆ గాజు పలకదే. లాంతరులోకి పక్కనుంచి జరిపేవాళ్ళు కాబట్టి ఆ పేరు. కొన్నింటిలో రెండు పలకలు ఒకదానిమీద ఒకటి ఉండేవి. కదలనిదాని మీద మనిషి, కదిలేదాని మీద చెయ్యి. పై పలక లాగితే చెయ్యి లేస్తుంది. అంటే మన తోలుబొమ్మ లెక్కే, తోలు బదులు గాజు.

నాకు బాగా నచ్చింది 19వ శతాబ్దంలో వచ్చిన కిటుకు. రెండు లాంతర్లు పెట్టి, రెండింటి వెలుగూ ఒకే తెర మీద ఒకే చోట పడేలా చేసేవాళ్ళు. ఒకదాని వెలుగు మెల్లగా తగ్గిస్తూ రెండోదాని వెలుగు మెల్లగా పెంచితే, ఎండాకాలం ఊరు కాస్తా మంచు కురిసే ఊరైపోతుంది. మీ పవర్‌పాయింట్‌లో ట్రాన్సిషన్స్ కింద 'ఫేడ్' అని ఉంటుంది చూడండి, అదే ఇది! మేమంతా చప్పగా ఉందని వదిలేసే ఎఫెక్ట్. దానికోసం జనం టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్ళు.

మన దేశంలో ముంబై దగ్గర కళ్యాణ్‌లో మహాదేవ్ గోపాల్ పట్వర్ధన్, ఆయన కొడుకులు 1892లో 'శాంబరిక ఖరోలిక' పేరుతో లాంతరు ప్రదర్శన మొదలుపెట్టారు. బొమ్మలన్నీ చేత్తో గాజు మీద వేసినవే. కథ చెప్తూ, పాట పాడుతూ, పలకలు జరుపుతూ ఊరూరా తిరిగారు. 1896 జూలైలో బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ వాళ్ళ సినిమా ఆడింది. అంటే అంతకు నాలుగేళ్ళ ముందే మనవాళ్ళు తెర మీద బొమ్మని కదిలించారన్నమాట. తెలుగువాళ్ళలో రఘుపతి వెంకయ్య నాయుడు గారిది కూడా ఇదే దారి. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటోలు తీసుకునే మనిషి, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి కదిలే బొమ్మలు చూపించాడు. ఫోటోగ్రాఫర్‌కి తన ఫోటో కదలాలని ఉండటం కొత్తేం కాదు, నేనేదో ఒక్కణ్ణే అనుకున్నా.

ఇక సినిమా హాళ్ళ స్లైడ్లు మీలో చాలామంది చూసుండరు. మా నాన్న చెప్తాడు, ఆట మొదలయ్యే ముందు, ఇంటర్వెల్‌లో బట్టల కొట్టు, ఎరువుల అంగడి ప్రకటనలు గాజు స్లైడ్ మీద పడేవట. కదలిక లేదు, పాట లేదు. అయినా ఆ అంగళ్ళ పేర్లు ఆయనకి ఇప్పటికీ గుర్తే.

పవర్‌పాయింట్ కూడా కదిలించడానికి పుట్టింది కాదు. రాబర్ట్ గాస్కిన్స్ ఆలోచన, డెన్నిస్ ఆస్టిన్ ప్రోగ్రామింగ్, ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ. మొదట పెట్టిన పేరు 'ప్రెజెంటర్'. 1987 ఏప్రిల్‌లో మెకింటాష్ కంప్యూటర్ కోసం వచ్చింది, అది కూడా నలుపు తెలుపులో. ఆఫీసుల్లో ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే ప్లాస్టిక్ షీట్లు ప్రింట్ తీసుకోవడానికి అది. కొన్ని నెలలకే మైక్రోసాఫ్ట్ కోటీ నలభై లక్షల డాలర్లిచ్చి కొనేసింది. ప్రింట్ తీసిన షీట్ ఎక్కడ కదులుతుంది? కంప్యూటర్ తెరనే నేరుగా గోడ మీద చూపించే రోజులొచ్చాకే ట్రాన్సిషన్లు వచ్చాయి. 2002 వెర్షన్‌లో మోషన్ పాత్ వచ్చింది, గీత గీస్తే ఫోటో ఆ గీత మీదే నడుస్తుంది. 2010 వెర్షన్‌లో వీడియోగా సేవ్ చేసుకునే వీలొచ్చింది. మా లాంటోళ్ళకి పని దొరికింది అప్పుడే. 2015లో మార్ఫ్ వచ్చింది.

ఒక సంగతి మాత్రం పవర్‌పాయింట్‌ది కాదు, సినిమావాళ్ళది. పాత ఫోటో మీద కెమెరాని మెల్లగా దగ్గరికి జరపడం. 1957లో కెనడాలో తీసిన 'సిటీ ఆఫ్ గోల్డ్' డాక్యుమెంటరీలో పాత ఫోటోలని ఇలాగే చూపించారు. తర్వాత అమెరికాలో కెన్ బర్న్స్ బాగా వాడటంతో ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఫోటో కదలదు. మన చూపు కదులుతుంది, అదీ మొహం వైపు.

నేను అవ్వ వీడియో మళ్ళీ చేశా. అన్ని ఎఫెక్టులూ పీకేశా. ఎంఫసిస్‌లో 'గ్రో' తీసుకుని, 110 శాతం పెట్టి, ఎనిమిది సెకన్లు ఇచ్చా. మధ్యలో ఫేడ్ ఒక్కటే. ఆధార్ ఫోటోని పెద్దది చేయకుండా, నల్లటి తెర మధ్యలో చిన్నగా ఉంచా, అప్పుడు చుక్కలు కనబడలేదు. జాతర ఫోటో చివర్లో పెట్టా. అక్కడ ఆగిపోవాలని నా కోరిక. కానీ వీడియోగా మార్చితే 'క్లిక్ చేసేదాకా ఆగు' అన్నది పనిచేయదు, టైమింగ్ ఇవ్వకపోతే ఐదు సెకన్లే తీసుకుంటుంది. అందుకే ఆ స్లైడ్‌కి ముప్పై సెకన్లు ఇచ్చేశా.

అక్క గుడి దగ్గర అరుగు మీద కూర్చుని చూసింది. సగంలో వీడియో ఆపి, "నాలుగోది మాయమ్మ కాదప్పా, మా చిన్నమ్మ" అంది. పాత స్టూడియో ఫోటో, ఇద్దరూ ఒకే పోలిక. తీసేయనా అని అడిగితే వద్దంది, చిన్నమ్మ ఫోటో కూడా ఇంకోటి లేదంట.

కోతలకి పోయేటప్పుడు ఆ వీడియో వాట్సాప్‌లో కాకుండా మెమరీ కార్డులో వేయించుకుని పోయింది. చేను కాడ సిగ్నల్ ఉండదంట.