నేటి మిఠాయి, వచ్చే వారపు మిఠాయి

కోనసీమలో వినాయక చవితినాడు ఉండ్రాళ్లు పొయ్యి దిగిన వేళ ఇంటి పిల్లవాడు వంటింటి గుమ్మము పట్టుకొని నిలుచుండును. "పూజ అవనీరా, నైవేద్యం అయ్యాక ముందు నీకే పెడతాను" అని మామ్మ చెప్పును. వాడు ఆగును, ఒక్కొక్కప్పుడు ఆగడు. ఇంటింట జరుగు ఈ చిన్న పరీక్షను మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేపట్టిన కథ కొంత చిత్రమైనది.

అది వెస్టిండీసులోని ట్రినిడాడ్ దీవిలో మొదలైనది. 1845 నుండి 1917 వరకు చెరకు తోటల పనికై మనదేశపు కూలీలు ఒప్పందముపై అచటికి ఓడలలో పోయిరి. పెక్కుమంది కలకత్తా రేవునుండి పోగా, మద్రాసు రేవునుండి పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. వారి సంతతివారు, ఆఫ్రికా సంతతివారు ప్రక్కప్రక్కనే నివసించుచుండిరి. వారికి రేపటి చింత లేదని వీరును, వీరికి అనుభవించుట తెలియదని వారును అనుకొనుట వాల్టర్ మిషెల్ అను యువ శాస్త్రజ్ఞుడు వినెను.

ఇట్టి మాటలు మన ఊళ్లలోను వినబడును. పరీక్షించి చూచువారు అరుదు. మిషెల్ ఒక పల్లె పాఠశాలలో 7 మొదలు 9 ఏండ్ల వయసుగల 53 మంది పిల్లలకు రెండు మిఠాయిలు చూపెను. చిన్నది కోరినచో ఇప్పుడే దొరకును. పెద్దది కోరినచో వచ్చే వారము. 1958లో ఫలితములు ప్రకటించెను. భారత సంతతి పిల్లలు ఎక్కువగా పెద్దదానిని కోరినమాట నిజమే. కాని తండ్రి ఇంటలేని పిల్లలు చిన్నదానినే ఎక్కువగా కోరుట అంతకన్న ముఖ్యమైన సంగతి. మరల వచ్చి ఇచ్చెదనన్న అపరిచితుని మాట నమ్మవలెనన్న, ఇచ్చిన మాట నిలుపుకొను పెద్దలను పిల్లవాడు ముందుగా చూచి యుండవలెను గదా!

తరువాత 1960ల చివర, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, బింగ్ శిశు పాఠశాలయందు మిషెల్ నిరీక్షణను నిమిషములకు కుదించెను: ఇప్పుడే అయిన ఒకటి, నేను వచ్చువరకు ఆగిన రెండు. తీపిని కంటికి కనబడకుండ కప్పినప్పుడు పిల్లలు ఎక్కువసేపు ఆగిరి. ఆ బడిలోనే చదివిన తన కుమార్తెలను భోజనవేళ వారి స్నేహితుల సంగతులు అడుగుచుండగా, ఆగిన పిల్లలే చదువులోను ముందున్నట్లు ఆయనకు తోచెను. 1990లో వచ్చిన వ్యాసము దానిని బలపరచెను. అంతటితో లోకము ఆ మిఠాయిలో పిల్లల భవిష్యత్తును చూడసాగెను. 2020లో ఎందరో తలిదండ్రులు ఇంటనే పరీక్ష పెట్టి చలనచిత్రములు తీసిరి.

ట్రినిడాడ్ సంగతి మాత్రము మరుగున పడెను. 2013లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో, మంచి రంగులు తెచ్చెదనని చెప్పి తేని వ్యక్తి ఎదుట పిల్లలు సగటున సుమారు 3 నిమిషములే ఆగిరి. తెచ్చిన వ్యక్తి ఎదుట 12 నిమిషములు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరములు చూడగా, ఇంటి స్థితిగతులను లెక్కలోనికి తీసికొన్న పిమ్మట చదువుతో ఆ సంబంధము చాలవరకు తగ్గిపోయెను.

2022లో మరొక విశేషము తెలిసినది. జపాను పిల్లలు తీపికై చాలసేపు ఆగిరిగాని, కాగితము చుట్టిన కానుకను విప్పకుండ ఆగలేకపోయిరి. అమెరికా పిల్లలు ఇందుకు విరుద్ధము. అందరికిని వడ్డించువరకు ఆగుట జపాను అలవాటు. పండుగ కానుకకై ఆగుట అమెరికా అలవాటు. ఉండ్రాళ్లకై ఆగిన అమలాపురపు పిల్లవాడు, తీర్థములో కొన్న బొమ్మ పొట్లమును ఇల్లు చేరువరకు విప్పక ఆగునో లేదో ఉపాధ్యాయులు గమనించి చూడవచ్చును.